మాట తెగకుండా చూసుకోండి: ద్వేష బృందాల వైపు మళ్లుతున్న పిల్లలతో ఇంటివాళ్లు, టీచర్లు మెలగవలసిన తీరు

హైదరాబాద్‌లోని ఒక జూనియర్ కాలేజీలో చాలా ఏళ్లుగా సివిక్స్ చెబుతున్నాను. ఒకరోజు ప్రాథమిక హక్కుల పాఠం నడుస్తుండగా మూడో బెంచీలోని కుర్రవాడు లేచి, పక్క మతం పిల్లలు నలుగురు అదే గదిలో ఉండగానే, "వాళ్లను నమ్మితే ఎప్పటికైనా మునుగుతాం సర్" అన్నాడు. నేను అతణ్ణి కూర్చోమనలేదు. నిలబెట్టి ఉంచే పావుగంట సేపు రాజ్యాంగం, చరిత్ర, జనాభా లెక్కలు ఏకరువు పెట్టాను. క్లాసంతా నవ్వింది. అతడు తల వంచుకుని పెన్ను మూత తీస్తూ పెడుతూ నిలబడ్డాడు. ఆ రోజు తర్వాత నా క్లాసులో అతడు నోరు తెరవలేదు. కొన్ని నెలలకు కారిడార్‌లో ఎదురైతే, అలాంటి మాటలు నేర్పే బృందంతో ఎందుకు తిరుగుతున్నావని అడిగాను. "మీరు చెప్పింది నిజమే కావచ్చు సర్. మా నాన్న పోయిన రాత్రి ఐస్ బాక్స్ తెచ్చింది, పొద్దున పాడె మోసింది వాళ్లే. కాలేజీ నుంచి ఒక్కరూ రాలేదు" అన్నాడు. నాకు జవాబు దొరకలేదు. ఆ ఇంటికి నేనూ వెళ్లలేదు.

నేను ఇక్కడ చెప్పబోయే సలహాలన్నీ ఆ కుర్రవాడి మాటలోంచి వచ్చినవే. పిల్లలు సిద్ధాంతం చదువుకుని ఇలాంటి బృందాల్లో చేరడం చాలా అరుదు. ముందు పేరు పెట్టి పిలిచే మనుషులు దొరుకుతారు, చేయడానికి ఒక పని దొరుకుతుంది, ఆ తర్వాత నెమ్మదిగా సిద్ధాంతం ఒంటబడుతుంది. కాబట్టి వెనక్కి తెచ్చుకోవాలనుకునే పెద్దలు కూడా మనుషుల దగ్గరే మొదలుపెట్టాలి.

ఏది ద్వేష బృందం, ఏది కాదు

మన పత్రికలు 'అతి మితవాదం' అని రాసే మాట వినగానే చాలామందికి అర్థం కాదు, ఎందుకంటే అందులో మితం ఏమీ లేదు. ఒక జాతి గాని, మతం గాని, కులం గాని, భాష గాని పుట్టుకతోనే గొప్పదనీ, మరొకరు ఈ నేల మీద ఉండటమే ప్రమాదమనీ, వారిని లొంగదీయడానికో వెళ్లగొట్టడానికో బలం వాడినా తప్పులేదనీ నేర్పే ఉద్యమాన్ని ఉద్దేశించి నేను ఈ వ్యాసంలో ఆ మాట వాడుతున్నాను. అది ఏ రంగు జెండా కింద నడిచినా నాకు తేడా లేదు. మీ అబ్బాయి ఒక పార్టీ కండువా వేసుకోవడం, ఊరేగింపుకు వెళ్లడం, దేవుడంటే భక్తితో ఉండటం, మీకు నచ్చని నాయకుణ్ణి మెచ్చుకోవడం, ఇవేవీ ఇందులోకి రావు. ఈ గీతను మీరే చెరిపేస్తే పిల్లవాడు మీ మాట నమ్మడు, నమ్మకపోవడంలో అతని తప్పూ ఉండదు.

ఇది తెల్లవాళ్ల దేశాల గొడవ అని తీసిపారేసే వీలు మనకు లేదు. 2017 ఫిబ్రవరి 22న అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం ఒలేతాలో ఒక వ్యక్తి "మా దేశం నుంచి పోండి" అని అరుస్తూ హైదరాబాద్ ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను కాల్చి చంపాడు, ఆయన శవపేటిక కోసం ఈ నగరం ఎదురుచూసింది. ఆ తర్వాత ఆరేళ్లకు, 2023 మే 22న, వాషింగ్టన్‌లో అద్దె ట్రక్కుతో శ్వేతసౌధం దగ్గరి అడ్డుకట్టలను గుద్ది నాజీ జెండా బయటికి తీసిన 19 ఏళ్ల యువకుడు భారతదేశంలో పుట్టిన తెలుగు ఇంటి పిల్లవాడు. 2025 జనవరిలో కోర్టు అతనికి 8 ఏళ్ల జైలుశిక్ష విధించింది. అతనికి తీవ్రమైన మానసిక అనారోగ్యం ఉందని అతని లాయర్లు కోర్టుకు చెప్పారు, ఆ సంగతి నేను తర్వాత మళ్లీ ప్రస్తావిస్తాను. మనల్ని మనుషులుగా లెక్కపెట్టని సిద్ధాంతం మన పిల్లవాడికే ఎలా అంటిందో ఆలోచిస్తే నిద్ర పట్టదు.

వయసు విషయంలో కూడా మన అంచనాలు తప్పు. 2020 మొదట్లో ఒక అంతర్జాతీయ నియో-నాజీ ముఠాను ఆన్‌లైన్‌లో 'కమాండర్' పేరుతో నడిపిస్తున్నది ఎవరా అని వెతికితే, ఎస్తోనియాలో 13 ఏళ్ల బాలుడు బయటపడ్డాడు. బ్రిటన్‌లో ఉగ్రవాద నేరాల కింద 2021లో శిక్ష పడిన మరో కుర్రవాడు బాంబుల తయారీ పత్రాలు పోగుచేయడం మొదలుపెట్టింది కూడా 13వ ఏటే. 2022 మే 14న అమెరికాలోని బఫెలో నగరంలో ఒక సూపర్ మార్కెట్‌లో 10 మంది నల్లజాతీయులను చంపినవాడికి 18 ఏళ్లు. 2020లో కరోనా రోజుల్లో తట్టుకోలేని విసుగుతో ఇంటర్నెట్‌లో ఆ రాతలు చదవడం మొదలుపెట్టానని అతడే రాసుకున్నాడు. లాక్‌డౌన్‌లో గది తలుపు వేసుకుని కూర్చున్న పిల్లల్ని "చదువుకుంటున్నాడులే" అని వదిలేసిన ఇళ్లు మన దగ్గర ఎన్ని లేవు!

ముందుగా గమనించవలసినవి

పిల్లవాడి ఫోను కంటే ముందు అతని మాట వినండి. నిన్నటి దాకా పేరు పెట్టి చెప్పుకున్న స్నేహితుడు ఈరోజు 'వాళ్లలో ఒకడు' అవుతాడు. "జోక్ కదా నాన్నా" అంటూ మొదలైన ఎగతాళి నెల తిరిగేసరికి జోక్‌గా ఉండదు. "ఇంకా ఇరవై ఏళ్లలో వాళ్ల సంఖ్య మనల్ని దాటిపోతుంది" అన్న భయం నోట పలకడం మొదలవుతుంది. యూరప్‌లో, అమెరికాలో, ఇక్కడ, ఈ సంఖ్యల భయమే అన్ని ద్వేష ఉద్యమాలకూ ఉమ్మడి పెట్టుబడి, ఎవరి మీద అన్నది మాత్రం దేశాన్ని బట్టి మారుతుంది. పాత స్నేహితులు ఇంటికి రావడం మానేస్తారు. సాయంత్రం ఎక్కడికి వెళ్తున్నాడో చెప్పే వాక్యం పొట్టిదవుతుంది. ఆన్‌లైన్ ఆటల్లో పరిచయమైనవాళ్లు డిస్కార్డ్‌లోకీ, అక్కడి నుంచి టెలిగ్రామ్‌లోని మూసిన గ్రూపులోకీ పిలుస్తారు. ఒక్కో మెట్టు ఎక్కిస్తూ, చెప్పిన పోస్టు పెట్టాడా, చెప్పినవాణ్ణి తిట్టాడా అని పరీక్షిస్తారు. 14, 88 వంటి అంకెలు ప్రొఫైల్ పేరులో కనబడితే అడిగి తెలుసుకోండి. 14 ఒక జాత్యహంకార నినాదంలోని మాటల లెక్క, 88 హిట్లర్‌కు జేజేలు పలికే సంకేతం. అయితే 14 మీ అమ్మాయి పుట్టినరోజు తేదీ కూడా కావచ్చు. ఇలాంటి గుర్తు ఒక్కటే పట్టుకుని తీర్పు చెప్పకండి. మూడు నాలుగు మార్పులు కలిసి, కొద్ది వారాల్లో వస్తే అప్పుడు శ్రద్ధ పెట్టండి.

ఫోను లాక్కోవడం, రాత్రిపూట రహస్యంగా తెరిచి చదవడం, ఆ బృందం పెద్దకు ఫోను చేసి తిట్టడం మాత్రం చేయవద్దు. "మీ ఇంట్లోవాళ్లు నిన్ను అర్థం చేసుకోరు" అని ఆ బృందం మొదటి రోజు నుంచీ అతనికి చెబుతూనే ఉంటుంది. ఈ పనులు చేస్తే ఆ మాటకు సాక్ష్యం మనమే ఇచ్చినట్లవుతుంది.

మాట్లాడవలసిన తీరు

ఎదురెదురుగా కుర్చీలు వేసుకుని "నీతో మాట్లాడాలి" అని మొదలుపెట్టే సంభాషణ దాదాపు ఎప్పుడూ పాడవుతుంది. బండి మీద వెనక కూర్చోబెట్టుకుని వెళ్తున్నప్పుడు గాని, కూరగాయలు తరుగుతున్నప్పుడు గాని, ఇరానీ హోటల్లో రెండు చాయ్‌లు ముందు పెట్టుకున్నప్పుడు గాని మాటలు తేలిగ్గా వస్తాయి, ఎందుకంటే కళ్లలో కళ్లు పెట్టి చూడవలసిన అవసరం ఉండదు. బయటి మనుషులు ఎవరూ ఉండకూడదు. నేను చేసిన తప్పు అదే, నలభై మంది ముందు నిలబెట్టాను.

మొదటి పది నిమిషాలు మీరు ఏమీ ఖండించకండి. "నీకు ఆ గ్రూపులో ఎవరంటే ఇష్టం?", "మొదటిసారి ఎవరు తీసుకెళ్లారు?", "అక్కడ నీకు ఏ పని అప్పగించారు?" అని అడగండి. ఈ మూడు ప్రశ్నలకు వచ్చే జవాబుల్లో అతనికి ఇంట్లో, కాలేజీలో ఏది దొరకలేదో మీకు కనబడుతుంది. ఒకడికి గౌరవం, ఒకడికి అన్న వంటి మనిషి, మరొకడికి రాత్రిపూట తిరిగే ధైర్యం, ఇంకొకడికి కేవలం టిఫిను. తర్వాతి రోజుల్లో మీరు పూరించవలసిన ఖాళీ అదేనని గుర్తుపెట్టుకోండి.

అతని కష్టాన్ని కొట్టిపారేయకండి. అశోక్‌నగర్ సందుల్లో ఇరుకు గది అద్దెకు తీసుకుని, చిక్కడపల్లి లైబ్రరీలో కుర్చీ కోసం పొద్దున్నే వరుసలో నిలబడి, నోటిఫికేషన్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసే కుర్రవాడి కోపం అబద్ధం కాదు. ఆ కోపానికి ఒక ముఖం చూపించి "నీ ఉద్యోగం వీడు తిన్నాడు" అనడం మాత్రమే అబద్ధం. ఈ రెంటినీ విడదీసి మాట్లాడగలిగితే చాలా దూరం వచ్చినట్లే. "నీకు అన్యాయం జరిగింది, నేను ఒప్పుకుంటాను. ఆ పరీక్ష వాయిదా వేసింది ఎవరు? ఆ మెకానిక్ షెడ్డులో పనిచేసే పిల్లవాడా?" అని అడిగి, అక్కడ ఆగిపోండి. జవాబు అప్పుడే రావాలని పట్టుబట్టవద్దు.

వీడియోలు వస్తే "అబద్ధం" అనకుండా "కలిసి చూద్దాం పద" అనండి. ఒకసారి ఒక విద్యార్థి మన పాతబస్తీలో జరిగిందంటూ ఒక దాడి వీడియో చూపించాడు. నేను ఏమీ అనకుండా వీడియోను ఒకచోట ఆపి, వెనక దుకాణం బోర్డు మీద అక్షరాలు చదవమన్నాను. అవి తెలుగూ కాదు, ఉర్దూ కాదు, బెంగాలీ లిపి. అతడు బొమ్మను రెండు వేళ్లతో పెద్దది చేసి చాలాసేపు చూశాడు. బండి నంబర్ ప్లేటు, బోర్డు మీది లిపి, మనుషుల దుస్తులను బట్టి ఏ కాలమో, ఈ మూడూ చూడటం నేర్పితే ఆ తర్వాత మీ అవసరం లేకుండానే చూసుకుంటారు. ఒక ఫ్రేము స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వెతికితే పాత వీడియో అయితే తరచు దొరుకుతుంది. హైదరాబాద్ నుంచే పనిచేసే ఫ్యాక్ట్‌లీ వంటి సంస్థలు తెలుగులోనే నిజనిర్ధారణలు ప్రచురిస్తున్నాయి. ఇది చిన్న పనిగా చూడకండి. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా తిరుగుతోందన్న వాట్సాప్ పుకారు నమ్మి చాంద్రాయణగుట్టలో మూక ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను కొట్టి చంపింది. అదే ఏడాది గద్వాల, వనపర్తి జిల్లాల్లో ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను, జానపద కళాకారులను ఊళ్లకు పంపి, పాటలతో, డప్పులతో ఆ పుకార్లను ఎదుర్కొన్నారు. ఊళ్లో తెలిసిన గొంతు చెప్పింది కాబట్టి జనం విన్నారు.

"వాళ్లంతా ఒకటే" అన్నప్పుడు ఈ నగరపు కథ ఒకటి చెప్పండి. 1948 ఆగస్టులో, రజాకార్లు ఈ రాజ్యాన్ని గడగడలాడిస్తున్న రోజుల్లో, హైదరాబాద్ భారత్‌లో కలవాలని 'ఇమ్రోజ్' పత్రికలో రాసినందుకు షోయబుల్లాఖాన్‌ను చంపి, రాసిన చేతిని నరికేశారు. ఆయనకు అప్పటికి ముప్పై ఏళ్లు కూడా లేవు. రజాకార్లలో చేరినవాళ్లలోనూ యువకులు ఎందరో. ఈ కథ ఏ మతం పిల్లవాడికి చెప్పినా పనిచేస్తుంది, ఎందుకంటే ఇందులో హంతకులూ, హతుడూ ఒకే మతం వాళ్లు.

ఖాళీని పూరించడం

ఈ భాగం మీదే ఎక్కువ శ్రమ పెట్టండి. అమెరికాలో డెరెక్ బ్లాక్ అనే విద్యార్థి శ్వేతజాతి ఆధిపత్యవాదుల ఇంట్లోనే పుట్టి పెరిగారు, తండ్రి ఆ వాదపు అతిపెద్ద వెబ్‌సైటు స్థాపకుడు. ఫ్లోరిడాలోని కాలేజీలో ఈ సంగతి బయటపడ్డాక చాలామంది మాట్లాడటం మానేశారు. మాథ్యూ స్టీవెన్సన్ అనే యూదు విద్యార్థి మాత్రం ప్రతి శుక్రవారం తన గదిలో జరిగే పండుగ భోజనానికి పిలిచాడు. మొదట్లో సిద్ధాంతం ఊసే ఎత్తలేదు. వారం వారం అన్నం పెట్టాడు. రెండేళ్లు గడిచాక, 2013లో, డెరెక్ ఆ ఉద్యమాన్ని వదిలేస్తున్నట్లు బహిరంగంగా ప్రకటించారు. కొందరు స్నేహితులు ఓపికగా గణాంకాల మీద వాదించారు కూడా, కాని ఆ వాదన చెవికెక్కింది బల్ల దగ్గర చోటు దొరికిన తర్వాతే. రంజాన్‌కు ఖీర్ గిన్నె, సంక్రాంతికి సకినాల పళ్లెం గోడ దాటే అలవాటున్న మన నగరంలో ఇలాంటి పిలుపు ఎంత సులువో ఆలోచించండి. పిల్లవాడు భయపడుతున్న ఆ 'వాళ్లలో' ఒకరిని ఇంటికి భోజనానికి పిలవండి. సంభాషణ క్రికెట్ గురించే నడవనివ్వండి.

బయట కూడా ఒక చోటు కావాలి. పని అప్పగించే చోటు అయితే మరీ మంచిది. కాలేజీలో ఎన్‌ఎస్‌ఎస్ విభాగం ఉంటే అందులో చేర్చి, రక్తదాన శిబిరానికి లిస్టు రాసే బాధ్యతో, నాంపల్లి నుమాయిష్‌లో స్టాలు చూసుకునే పనో అతని చేతికి ఇప్పించండి. ఆ బృందం అతనికి 'ఇన్‌ఛార్జి' అనే పేరు ఇచ్చి ఉంటుంది, ఇక్కడ వట్టి ప్రేక్షకుడిగా కూర్చోబెడితే నిలబడడు. కబడ్డీ, కుస్తీ, జిమ్ వంటివి మంచివే, కాని అక్కడి కోచ్ ఎలాంటి మాటలు మాట్లాడతాడో ముందు ఒకసారి వెళ్లి చూసి రండి. యూరప్‌లో అతి మితవాద బృందాలు వ్యాయామశాలల నుంచీ, ఫుట్‌బాల్ అభిమానుల గుంపుల నుంచీ కుర్రవాళ్లను చేర్చుకోవడం కొత్త సంగతి కాదు.

బయటికి రావాలనుకున్నప్పుడు

ఈ విషయంలో ఇతర దేశాల అనుభవం మనకు పనికొస్తుంది. నియో-నాజీ బృందాలను వదలాలనుకునే యువకుల కోసం నార్వేలో 1997లో, స్వీడన్‌లో 1998లో, జర్మనీలో 2000లో 'ఎగ్జిట్' కార్యక్రమాలు మొదలయ్యాయి. జర్మనీలో దాన్ని స్థాపించినవాళ్లు మాజీ పోలీసు అధికారి బెర్న్ట్ వాగ్నర్, మాజీ నియో-నాజీ నాయకుడు ఇంగో హాసెల్‌బాఖ్. 2011లో గేరా పట్టణంలో జరిగిన అతి మితవాదుల సంగీత కార్యక్రమంలో వాళ్లు పుర్రె బొమ్మ వేసిన 250 టీషర్టులు ఉచితంగా పంచారు. ఇంటికి తీసుకెళ్లి ఉతికితే పై రంగు పోయి, 'నీ చొక్కా మారగలిగినప్పుడు నువ్వూ మారగలవు, మేం సాయపడతాం' అన్న అర్థం వచ్చే మాటలు బయటపడ్డాయి. ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు, స్నేహితులెవరూ చూడనప్పుడు చేరిన మాట కాబట్టే దానికి విలువ. మీ పిల్లవాడికి మీరు ఇచ్చే అవకాశం కూడా అలాగే ఎవరూ చూడని చోట, పరువు పోని విధంగా ఉండాలి.

వదలాలనుకున్నవాడు ఫేస్‌బుక్‌లో ప్రకటన పెట్టనవసరం లేదు. "పరీక్షలున్నాయి", "అమ్మకు బాగాలేదు", "ఉద్యోగం దొరికింది" అని మెల్లగా తగ్గించుకోవడమే క్షేమం. బృందం వాళ్ల దగ్గర అప్పు ఉందేమో, అతని ఫోటోలు, వీడియోలు వాళ్ల దగ్గర ఏమున్నాయో సావకాశంగా అడిగి తెలుసుకోండి. అప్పు ఉంటే ఇంటివాళ్లే తీర్చండి. బెదిరింపులు వస్తే మెసేజులు చెరపకుండా దాచి, లాయరును కలవండి. మావయ్య ఊళ్లోనో, పిన్ని ఇంట్లోనో కొన్ని వారాలు ఉండి రావడం చాలా మందికి మేలు చేసింది.

చట్టం సంగతి బెదిరింపుగా కాకుండా, తెలియవలసిన సమాచారంగా ఒక్కసారి చెప్పండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 196వ సెక్షన్ ప్రకారం మతం, జాతి, భాష వంటి ఆధారాల మీద వర్గాల మధ్య శత్రుత్వం రెచ్చగొడితే 3 ఏళ్ల వరకు, ప్రార్థన స్థలంలో చేస్తే 5 ఏళ్ల వరకు శిక్ష పడవచ్చు. వాట్సాప్‌లో రాసిన మాటకూ ఇది వర్తిస్తుంది. కోర్టులో క్రిమినల్ కేసు నడుస్తుంటే పాస్‌పోర్టు నిరాకరించే అధికారం ప్రభుత్వానికి ఉంది. అమెరికా వీసా దరఖాస్తులో 2019 నుంచి సోషల్ మీడియా ఖాతాల వివరాలు అడుగుతున్నారు. ఎమ్మెస్ కోసం ఎదురుచూసే కుటుంబాలు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

మాటల హద్దు దాటిన సూచనలు కనబడితే ఈ ఓపిక అంతా పక్కన పెట్టాలి. ఆయుధం, ఒక తేదీ, ఒక మనిషి పేరు లేదా ఒక స్థలం, వీడ్కోలు చెప్పినట్లుండే మాటలు, వీటిలో ఏది వినబడినా ఆ రోజే 112కు ఫోను చేయండి. కన్నబిడ్డ మీద ఫిర్యాదు చేయడం ఎంత బరువైన పనో నాకు తెలుసు. అవతల ప్రాణాలు ఉన్నాయి, మీ బిడ్డ ప్రాణమూ వాటిలో ఒకటి. నిద్ర లేకపోవడం, లేని గొంతులు వినబడటం, అందరూ తన మీద కుట్ర చేస్తున్నారనుకోవడం వంటివి ఉంటే అది సిద్ధాంతపు సమస్య కాకపోవచ్చు, శ్వేతసౌధం దగ్గరి యువకుడి విషయంలో లాయర్లు చెప్పినట్లు మానసిక అనారోగ్యం కావచ్చు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416 నంబరులో తెలుగులో కూడా ఉచితంగా మాట్లాడవచ్చు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల కోసం చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 ఉంది.

వదిలి వచ్చిన తర్వాతి నెలలు చాలా ఒంటరిగా గడుస్తాయి. రోజుకు రెండు వందల మెసేజులు వచ్చిన ఫోను ఒక్కసారిగా మూగబోతుంది. తాను ఎవరిని ఏమన్నాడో గుర్తొచ్చి సిగ్గుపడతాడు, ఆ సిగ్గు భరించలేక మళ్లీ అటే వెళ్లిపోవచ్చు. "నేను ముందే చెప్పాను కదా" అన్న మాట ఆ రోజుల్లో ఇంట్లో ఎవరి నోటా రాకూడదు. ఎవరికైనా క్షమాపణ చెప్పాలనిపిస్తే తొందరపెట్టకుండా, వెళ్లిన రోజు తోడుగా వెళ్లి గేటు దగ్గర నిలబడండి. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది వరకు, ఇదివరకు ఆ బృందంతో గడిపిన వేళలో, ఇంట్లో ఎవరో ఒకరు అతని కోసం ఉండేలా వంతులు వేసుకోండి. మా కుర్రవాడి తండ్రి సంవత్సరీకానికి నేను వెళ్లాను. గుమ్మంలో నన్ను చూసి కాసేపు ఏమీ అనలేదు. తర్వాత లోపలికి వెళ్లి, "అమ్మా, మా సర్ వచ్చారు, ఇంకో విస్తరి వెయ్యి" అన్నాడు.